నాబ్ తిప్పితే తంబురా 'టక్' అంటోంది (ఈఎస్‌పీ32, ఫ్రీఆర్‌టాస్)

భవానీనగర్_శ్రుతి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మ సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు అన్నమయ్య కీర్తనలు నేర్పుతుంది. పాత శ్రుతిపెట్టె ఎండాకాలంలో పూర్తిగా పోయింది. ఫోన్‌లో యాప్ పెట్టుకోమంటే, పాఠం మధ్యలో కాల్ వస్తే శ్రుతి ఆగిపోతుందని ఒప్పుకోదు. అందుకే నేనే ఒక ఎలక్ట్రానిక్ తంబురా చేస్తున్నాను.

ఈఎస్‌పీ32 (రెండు కోర్‌ల చిన్న కంప్యూటర్ చిప్), పీసీఎం5102 డాక్ (అంకెలను శబ్దంగా మార్చేది), 128×64 ఓలెడ్ స్క్రీన్, రెండు నాబ్‌లు. తీగలు నాలుగు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. కార్‌ప్లస్-స్ట్రాంగ్ పద్ధతిలో (తీగ మీటిన నాదాన్ని లెక్కతో పుట్టించడం) మీటిస్తున్నాను, సెకనుకు 44,100 శాంపిళ్లు. అమ్మ శ్రుతి ఐదున్నర, అంటే షడ్జం 207.65 హెర్ట్జ్.

నాదం బాగుంది. కానీ నాబ్ తిప్పి స్క్రీన్ మీద అంకె మారిన ప్రతిసారీ 'టక్' మంటుంది. శబ్దం లెక్క, నాబ్ చదవడం, స్క్రీన్ గీయడం అన్నీ ఒకే వైల్ లూప్‌లో ఉన్నాయి. డీఎంఏ బఫర్లు (డాక్‌కు వెళ్లే ముందు శబ్దం నిలవుండే చోట్లు) రెండు, ఒక్కొక్కటి 256 ఫ్రేములు. పాడుతున్న పిల్లలు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఆగిపోతున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

చిత్తూరు_సోల్డర్:
తమ్ముడూ, లెక్క వేసి చూడు. స్క్రీన్ మొత్తం గీయాలంటే 1,024 బైట్లు పంపాలి. ఐటూసీ (స్క్రీన్‌కు డేటా పంపే లైన్) 400 కిలోహెర్ట్జ్‌లో ఉన్నా బైటుకు 9 బిట్ల చొప్పున దానికే 23 మిల్లీసెకన్లు పడుతుంది. నీ బఫర్లు రెండూ కలిపి 512 ఫ్రేములు, అంటే 11.6 మిల్లీసెకన్ల శబ్దం. స్క్రీన్ సగం గీసేసరికే గింజలు అయిపోయిన తిరగలిలా డాక్ ఉత్తినే తిరుగుతుంది. ఆ 'టక్' అదే.

మూడు టాస్కులు (విడివిడిగా నడిచే పనులు) చెయ్యి. ఫ్రీఆర్‌టాస్‌లో (ఆ పనులకు వంతులు పంచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) అంకె పెద్దదైతే ప్రాధాన్యం ఎక్కువ. ఆడియోకి 10, నాబ్‌కి 3, స్క్రీన్‌కి 1 ఇవ్వు. ఆడియో టాస్కును ఒక కోర్‌కు కట్టేసి, మిగతా రెండూ ఇంకో కోర్‌లో పెట్టు. నాబ్ విలువను ఒకే గడి ఉన్న క్యూలో (టాస్కుల మధ్య విలువలు అందించే చోటు) ఓవర్‌రైట్ చెయ్యి, ఆడియో టాస్క్ ఆగకుండా తొంగి చూసి పోతుంది. ఆడియో టాస్కులో ప్రింట్‌ఎఫ్ (అక్షరాలు ముద్రించేది), మ్యాలాక్ (మెమరీ అడిగేది) ఏవీ ఉండకూడదు. సైన్ లెక్క ఉంటే సైన్‌ఎఫ్ వాడు, ఈ చిప్‌లో డబుల్‌కు (ఎక్కువ కచ్చితత్వపు దశాంశ సంఖ్యలకు) హార్డ్‌వేర్ లేదు.

మృదంగం_ప్యాడ్:
బఫర్ ఎందుకంత చిన్నది పెట్టారు? నేను చేసేది కొడితే మోగే ప్యాడ్, నాకు 10 మిల్లీసెకన్లు ఆలస్యమైనా చేతికి తెలిసిపోతుంది. తంబురాకు ఆ గొడవే లేదు. 512 ఫ్రేములవి ఎనిమిది పెట్టండి, 93 మిల్లీసెకన్లు వస్తుంది. శ్రుతి మార్చినప్పుడు అంత ఆలస్యం ఎవరికీ పట్టదు.

భవానీనగర్_శ్రుతి:
అన్నా, రెండూ చేశాను. 'టక్' పోయింది కానీ కాసేపటికోసారి టాస్క్ వాచ్‌డాగ్ (ఏదైనా టాస్కుకు వంతు రాకపోతే హెచ్చరించేది) అరుస్తోంది, స్క్రీన్ అసలు మారడం లేదు. నాబ్ టాస్కులో 5 మిల్లీసెకన్ల డిలే పెట్టాను కూడా.

చిత్తూరు_సోల్డర్:
ఆ 5 దగ్గరే ఉంది. ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో (ఈ చిప్‌కు ప్రోగ్రామ్ రాసే కిట్) టిక్, అంటే సమయం లెక్కపెట్టే అడుగు, డిఫాల్ట్‌గా 100 హెర్ట్జ్, అంటే ఒక టిక్ 10 మిల్లీసెకన్లు. 5 మిల్లీసెకన్లను టిక్‌లుగా మారిస్తే పూర్ణాంక భాగహారంలో సున్నా వస్తుంది. నీ నాబ్ టాస్క్ నిద్రపోవడమే లేదు, కింద ఉన్న స్క్రీన్ టాస్కుకూ ఐడిల్ టాస్కుకూ (వేరే పని లేనప్పుడు నడిచేది) వంతు రావడం లేదు. 20 పెట్టు. నాకు ఇది తెలియడానికి రెండు రాత్రులు పట్టింది.

భవానీనగర్_శ్రుతి:
20 పెట్టగానే అన్నీ సర్దుకున్నాయి అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం అమ్మ కళ్లు మూసుకుని అరగంట విన్నది. "మంద్రం రవ్వంత పైకుందిరా, అల వస్తోంది" అంది. నాకు వినబడలేదు. గడియారం పట్టుకుని, ఆమె వేలు ఎత్తినప్పుడల్లా రాసుకున్నాను. సుమారు నాలుగు సెకన్లకు ఒక అల.

చిత్తూరు_సోల్డర్:
అమ్మగారి చెవికి దండం పెట్టాలి. నువ్వు తీగ పొడవును (శాంపిళ్లలో లెక్క) పూర్ణాంకం చేసేశావు కదా? మంద్రానికి 424.75 రావాల్సింది 424, సారణికి 212.38 రావాల్సింది 212 అయ్యుంటాయి. సగటు తీసే ఫిల్టర్ ఇంకో అర శాంపిల్ కలుపుతుంది. అప్పుడు మంద్రం 103.89, సారణి 207.53. మంద్రాన్ని రెట్టింపు చేస్తే సారణికి పావు హెర్ట్జ్ తేడా, నాలుగు సెకన్లకు ఒక అల. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

అసలు పొడవులో అర తీసెయ్యి. మంద్రానికి 424 శాంపిళ్లు పోను 0.25 మిగులుతుంది, సారణికి 211 పోను 0.88. ఆ మిగిలిన ముక్కకు ఒక ఆల్‌పాస్ ఫిల్టర్ (శబ్దం బలం మార్చకుండా ఆలస్యం మాత్రమే కలిపేది) పెట్టు. మిగిలింది డి అనుకుంటే గుణకం (1−డి)/(1+డి), మంద్రానికి 0.6 వస్తుంది. పంచమానికీ అలాగే చేసి, మళ్లీ అమ్మగారికే వినిపించు.