పీడీఎఫ్‌లో సరిగ్గా ఉన్న ఒత్తులు అచ్చులో చెదిరిపోతున్నాయి
నా మొదటి కథల సంపుటిని, ఆర్డరు వచ్చినప్పుడే అచ్చువేసే ఒక సేవ ద్వారా సొంతంగా తెస్తున్నాను. లిబ్రేఆఫీస్ రైటర్‌లో పేజీలు కట్టాను: 5.5 × 8.5 అంగుళాలు, 11 పాయింట్లు, నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు. కంప్యూటర్‌లోనూ ఫోనులోనూ పీడీఎఫ్ చక్కగా కనిపిస్తోంది. అచ్చయి వచ్చిన ప్రూఫ్‌లో (నమూనా ప్రతిలో) మాత్రం ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల్లో ఒత్తులు పక్క అక్షరం కిందికి జరిగాయి. విచిత్రంగా, రామభద్ర ఫాంటులో ఉన్న శీర్షికలకు ఏమీ కాలేదు.

ఫాంట్లన్నీ ఫైలులో పొదిగి ఉన్నాయని పీడీఎఫ్ వివరాల్లో చూశాను. ఫాంట్లు ఫైలులోనే ఉండితీరాల్సిన పీడీఎఫ్/ఏ రూపంలో పంపినా అదే ఫలితం. పీడీఎఫ్‌లను మార్చే గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో అక్షరాలను గీతలుగా మారిస్తే ఒత్తులు కుదురుకున్నాయి గానీ, అక్షరాలు లావెక్కి సున్నాలు పూడుకుపోయాయి. అలాంటి పుస్తకాన్ని డబ్బిచ్చి కొనమని ఎవరినీ అడగలేను. పేజీలను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) బొమ్మలుగా పంపితే అంచులు మసకబారాయి. ముద్రణ సేవవారి నుంచి ‘మీ ఫైలులోనే లోపం’ అన్న ముక్తసరి జవాబు తప్ప ఏమీ రాలేదు. ప్రతి ప్రూఫ్‌కూ ఖర్చు నాదే, ఇక ఊహలమీద పంపలేను.

తెలుగు పుస్తకాన్ని ఇలా వేయించినవారు చెప్పండి: అక్షరాలు లావెక్కకుండా, ఒత్తులు కదలకుండా ఉండాలంటే పీడీఎఫ్‌ను ఏ అమరికలతో తయారుచేయాలి?