ముద్రా లోనుకి మా ఆయన సంతకం ఎందుకు?

బ్రాడీపేట పొడులు: ఇంట్లోనే కారప్పొడులు చేసి అమ్ముతాను. మిరపకాయలు తొడిమలు తీసి వేయించి పట్టేసరికి మిక్సీ వేడెక్కి ఆగిపోతోంది. పల్వరైజర్ (పొడి పట్టే మిషను) కొందామని బ్యాంకులో ముద్రా, అదే చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం లోను, కింద రెండు లక్షలు అడిగితే, "మీ వారిని తీసుకురండమ్మా, సంతకం కావాలి" అన్నారు. వ్యాపారం చేసేది నేనా, ఆయనా?

సత్యనారాయణపురం బాబాయ్: నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. చిన్న వ్యాపారాలకి పది లక్షల వరకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. మీరు పొరబడి ఉంటారు.

బ్రాడీపేట పొడులు: తాకట్టు అన్నానా? సంతకం అన్నాను.

సత్యనారాయణపురం బాబాయ్: సంతకం తాకట్టు కాదుగా! 50 వేలు దాటి 5 లక్షల లోపు కాబట్టి ముద్రాలో మీది కిశోర్ అనే రకం లోను. మిషను కొటేషను, ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) పట్టుకెళ్ళండి. ఉద్యమ్‌కి పైసా ఖర్చు లేదు. ఇంతకీ మీ అకౌంట్లో అమ్మకాలు కనబడుతున్నాయా?

వన్‌టౌన్ కుర్రాడు: బాబాయ్ పట్టేశారు.

బ్రాడీపేట పొడులు: కనబడవు. క్యూఆర్ కోడ్ మా ఆయన నంబరు మీద ఉంది.

సత్యనారాయణపురం బాబాయ్: మరింకేం! తప్పు బ్యాంకుదెలా అవుతుంది?

మంగళగిరి చీరలు: అదే గోల ఇక్కడా. డ్వాక్రా అప్పు నా పేరున, దాంతో కొన్న ఆటో ఆయన పేరున. వాయిదా రోజు గ్రూపులో మాటపడేది మాత్రం నేను.

సత్యనారాయణపురం బాబాయ్: సంసారంలో నీ డబ్బు, నా డబ్బు ఏమిటమ్మా? కోడ్ మార్చుకోండి, ఎవరొద్దన్నారు?

బ్రాడీపేట పొడులు: మారుస్తానంటే మా అత్తగారు నాలుగు రోజులు అన్నం మానేశారు. "మావాడి మీద నమ్మకం లేదా" అని. మీకు ఫారాలు తెలుసు బాబాయ్ గారూ, ఇళ్ళు తెలియవు.

సత్యనారాయణపురం బాబాయ్: తెలియకేం? మా కోడలి టైలరింగ్ షాపు అద్దె నా పెన్షన్‌లోంచే పోతోంది. నెలాఖరుకి లెక్క అడిగితే మొహం ముడుచుకుంటుంది. పెట్టుబడి పెట్టినవాడు అడగకూడదా?

మంగళగిరి చీరలు: అడగండి. మీ అబ్బాయి బైకుల షాపుకీ ఇచ్చే ఉంటారుగా, ఆయన్నీ అడుగుతున్నారా?

సత్యనారాయణపురం బాబాయ్: వాడి సంగతి వేరు.

బ్రాడీపేట పొడులు: ఎందుకు వేరో చెప్పండి. ఉద్యమ్ సంగతి తర్వాత చూద్దాం.

వన్‌టౌన్ కుర్రాడు: బాబాయ్, ఆన్‌లైన్‌లోనే ఉన్నారుగా?