పై దవడ పన్నుకి నాలుగో కెనాల్ ఉందంట, దానికోసం సీబీసీటీ (పళ్ళకి తీసే త్రీడీ ఎక్స్‌రే స్కాన్) తీయించాలా?

యార్డు గుమాస్తా, గుంటూరు

నమస్కారమండి. మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తాని, వయసు 47. మూడేళ్ళ కిందట పై ఎడమ దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నా. డాక్టర్లు 26 అని రాస్తారే, ఆ పన్ను. కెనాల్స్ అంటే వేరు లోపల నరం ఉండే సన్నని దారులంట, మూడు నింపాం అని కార్డు మీద రాసిచ్చారు. రెండున్నరేళ్ళు దాని ఊసే లేదు. మొన్న సంక్రాంతికి అరిసె కొరికా, చుక్కలు కనపడ్డాయి. పాకం ముదిరిందని మా ఆవిడ మీద ఎగిరా. తప్పు అరిసెది కాదు.

అప్పట్నుంచి పన్ను పైన చిగురు మీద చిన్న పొక్కు లేస్తది, చితుకుతది, నోరంతా ఉప్పగా అవుతది, మళ్ళీ లేస్తది. పాత డాక్టరు గారు ఎక్స్‌రే తీసి "బ్రహ్మాండంగా ఉంది, ఏం లేదు" అని యాంటీబయాటిక్ రాశారు. ఐదు రోజులు తగ్గింది, పదో రోజుకి హాజరు. ఇట్లా రెండుసార్లు. ఇట్లా కాదని మా బావమరిది అరండల్‌పేటలో ఇంకో ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఒక ఎక్స్‌రే నేరుగా, ఒకటి మిషను పక్కకి జరిపి తీశారు. చాలాసేపు చూసి, "నాలుగో కెనాల్ ఒకటి ఉన్నట్టుంది, ముందు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, సీబీసీటీ తీయించుకు రండి" అన్నారు.

నా అనుమానాలు ఇవండి. పన్నుకి వేర్లు మూడైతే కెనాల్స్ నాలుగెట్లా? ఎక్స్‌రేలో కనపడంది ఈ స్కాన్‌లో ఎట్లా కనపడుద్ది? రేడియేషన్ ఎంత? మా ఓనరేమో "పీకించి పారెయ్, అరగంట పని" అంటున్నాడు. ఆయనకి కట్టుడుపళ్ళు, ఆయన మాట పక్కన పెట్టా.

పళ్ళ డాక్టరు, విజయవాడ

గుమాస్తా గారూ, పీకించకండి, ఆగండి. సూర్యారావుపేటలో కూర్చుని నేను రోజూ చేసే పనే ఇది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పై మొదటి దవడ పన్నుకి వేర్లు మూడే. అంగిలి వైపు ఒకటి, చెంప వైపు రెండు. చెంప వైపు రెండిట్లో ముందుది గుండ్రంగా ఉండదు, రిబ్బను లాగా చపటగా, చెంప నుంచి అంగిలి దిక్కుగా వెడల్పుగా ఉంటుంది. అంత వెడల్పు వేరులో కెనాల్ ఒకటే ఉండటం తక్కువ. రెండోదాన్ని మేం ఎంబీ టూ అంటాం. 1990లో కులిల్డ్, పీటర్స్ అనే ఇద్దరు తీసేసిన పళ్ళ మీద మైక్రోస్కోప్‌తో వెతికితే ఈ రెండో కెనాల్ నూటికి 95 పళ్ళలో ఉన్నట్టు తేలింది. మామూలు లైటు కింద, మామూలు కళ్ళతో నోట్లో వెతికితే అందులో చాలా తప్పిపోతాయి.

తప్పిపోవడానికి కారణాలు కూడా చెప్పాలి, లేకపోతే మీ పాత డాక్టరుకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆ రెండో కెనాల్ నోరు మొదటి కెనాల్‌కి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో, అంగిలి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. పైన డెంటిన్, అంటే పన్ను లోపలి గట్టి పొర, ఒక చూరు లాగా కప్పేసి ఉంటుంది. అల్ట్రాసోనిక్ టిప్ అనే కంపించే సన్నని మొనతో ఆ చూరు గీకితే తప్ప బయటపడదు. వయసు పెరిగే కొద్దీ సున్నం పట్టి ఇంకా సన్నబడుతుంది. కెనాల్‌ని గీకి శుభ్రం చేసే సూదిని ఫైలు అంటాం; 8 నంబరు ఫైలు అంటే మొన 0.08 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అది కూడా దిగదు. వేలికి తెలుస్తుంది కెనాల్ ఉందని, ఫైలు మాత్రం ముందుకి వెళ్ళదు. ఆ పూట ఇంటికెళ్ళాక భోజనం కూడా సయించదు.

ఎక్స్‌రే అనేది నీడ. చెంప వైపు నుంచి కిరణం వస్తుంది, ఒక కెనాల్ వెనక ఇంకో కెనాల్ ఉంటే రెండూ కలిసి ఒకటే గీత. సీబీసీటీలో మనం దొండకాయని చక్రాలుగా తరిగినట్టు వేరుని అడ్డంగా తరిగి చూస్తాం. నేను మొదట చూసేది నాలుగో కెనాల్ కోసం కూడా కాదు, పాత ఫిల్లింగ్ వేరు మధ్యలో ఉందా, పక్కకి ఉందా అని. తెల్లచుక్క నడిమధ్యన ఉంటే ఆ వేరులో కెనాల్ బహుశా ఒక్కటే. చెంప వైపుకి ఒదిగి ఉంటే, అవతలి సగంలో ఇంకోటి ఉందన్నమాట.

అడగాల్సింది చిన్న ఫీల్డు స్కాన్, అంటే ఆ పన్ను చుట్టుపక్కల మాత్రమే తీసేది, 5×5 సెంటీమీటర్లు చాలు. దవడ మొత్తం వద్దు. రేడియేషన్‌ని మైక్రోసీవర్టుల్లో కొలుస్తారు, ఈ స్కాన్‌కి అది పదుల్లో ఉంటుంది. మనం ఊరికే బతుకుతుంటే ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2,400 దాకా పడుతుంది. అలాగని సరదాకి తీయించేదీ కాదు. రూట్ కెనాల్ మళ్ళీ చేయాల్సిన కేసు, మామూలు ఎక్స్‌రే తేల్చలేదు, కాబట్టి మీకు తీయించడం న్యాయమే.

ఒక హెచ్చరిక. మీకు క్యాప్ ఉంది, లోపల ఫిల్లింగ్ ఉంది. రెండిటి చుట్టూ స్కాన్‌లో నల్ల చారలు పడతాయి. ఆ చారని చూసి కెనాల్ అనుకున్నవాళ్ళూ ఉన్నారు, పగులు అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వేరు నిలువునా పగిలినా చిగురు మీద ఇలాగే పొక్కు లేస్తుంది. అందుకని స్కాన్ కంటే ముందు మీ డాక్టరు గారిని ప్రోబ్ (గీతలున్న సన్నని కొలత పుల్ల) పెట్టి పన్ను చుట్టూ చిగురు లోతు కొలవమనండి. ఒక్కచోట మాత్రమే సన్నగా, లోతుగా దిగితే పగులుని అనుమానించాలి. అప్పుడు కథ వేరు.

ఒకసారి దెబ్బతిన్నవాడు, తెనాలి

డాక్టరు గారు చెప్పిన చిన్న ఫీల్డు మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నాది కింద దవడ పన్ను. చీటీలో పన్ను నంబరు రాయలేదు, ఒక సెంటర్లో రెండు దవడలకీ కలిపి స్కాన్ తీసేశారు. బిల్లు ఎక్కువ, బొమ్మ మసక. పైగా చేతికి ఒక ఫిల్ము, ఒక సీడీ ఇచ్చారు. మా డాక్టరు కంప్యూటర్లో సీడీ పెట్టే చోటే లేదు. ఫిల్ము కిటికీకి ఎత్తి పెట్టి చూశారు పాపం. మళ్ళీ డబ్బులు పెట్టాల్సొచ్చింది. ఏ సెంటరో చెప్పను, తప్పు సగం నాది, అడగలేదు.

స్కాన్ టెక్నీషియన్, కృష్ణలంక

పై అన్నకి జరిగింది మా దగ్గరా వారానికొకరికి జరగబోయి ఆగుతుంది. ఫీల్డు పెద్దదైతే వోక్సెల్, అంటే బొమ్మలోని ఒక్కో గడి, కూడా పెద్దదవుతుంది. 0.3 మిల్లీమీటర్ల గడిలో అంతకంటే సన్నని కెనాల్ ఏం కనపడుతుంది? చిన్న ఫీల్డులో 0.1 లోపు కూడా పెట్టొచ్చు. చీటీ మీద "26, చిన్న ఫీల్డు, ఎండో" అని రాయించుకురండి, ఎండో అంటే రూట్ కెనాల్ పని కోసం అని.

వచ్చేటప్పుడు మెళ్ళో గొలుసు, చెవి పోగులు ఇంట్లో పెట్టి రండి. మిషను తల చుట్టూ తిరిగేది పది ఇరవై సెకన్లు. ఆ కాసేపు మింగకూడదు, మాట్లాడకూడదు. ముందే ఒకసారి గుటక వేసుకోండి. ఒకాయన మధ్యలో ఫోను మోగితే జేబు తడుముకున్నాడు, బొమ్మలో ఒక్కో పన్నూ రెండుగా వచ్చింది. మళ్ళీ తీయాలంటే మళ్ళీ రేడియేషనే.

పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. ఫిల్ము కాదు, డైకామ్ ఫైళ్ళు, అంటే స్కాన్ అసలు ఫైళ్ళు మొత్తం, చూసే సాఫ్ట్‌వేర్‌తో సహా అడగండి. మీ డాక్టరు తన కంప్యూటర్లో తనే తరుక్కుని చూసుకోవాలి. మేం నాలుగు బొమ్మలు ఎంచి ప్రింటిస్తే, కావాల్సిన ఐదోది లోపలే ఉండిపోతుంది.

యార్డు గుమాస్తా, గుంటూరు

డాక్టరు గారూ, మీరు నీడ అన్నారు కదా, నాకు మా భాషలో అర్థమైంది. సరిచూడండి. షాపు ముందు ఒక తేజ రకం మిర్చి టిక్కీ (బస్తా), దాని వెనక ఇంకో టిక్కీ నిలబెట్టారు. ఎదురుగా నిలబడితే నాకు ఒక్కటే కనపడుద్ది, పుస్తకంలో ఒకటే రాసుకుంటా. నాలుగడుగులు ఎడమకి జరిగితే వెనకది కూడా ఎడమ పక్కన బయటికొస్తది. అరండల్‌పేట ఆయన మిషను పక్కకి జరిపింది దీనికేనా?

పళ్ళ డాక్టరు, విజయవాడ

అచ్చంగా దీనికే. వెనకది మీతోపాటు, మీరు జరిగిన వైపుకే వస్తుంది. మా కాలేజీలో దీన్నే స్లాబ్ రూల్ అని బట్టీ పట్టించారు. టిక్కీలతో చెప్పి ఉంటే ఒక్క రాత్రిలో వచ్చేది. పక్కకి జరిపి రెండో ఎక్స్‌రే తీసే డాక్టరు దొరికాడంటే వదులుకోకండి. స్కాన్‌కి పంపించడం ఎవరైనా చేస్తారు.

యార్డు గుమాస్తా, గుంటూరు

ఏమైందో చెప్పకుండా పోతే బాగుండదని రాస్తున్నా. చిగురు కొలిపించా, చుట్టూ లోతు మామూలుగానే ఉందన్నారు. శనివారం యార్డుకి సెలవు, పొద్దున్నే బస్సెక్కి విజయవాడ పోయి తీయించుకొచ్చా. గుటక వేసుకునే కూర్చున్నా. పెన్‌డ్రైవ్ అడిగితే కౌంటర్లో అమ్మాయి "మీరు డాక్టరా సార్" అంది.

మా డాక్టరు గారు కంప్యూటర్లో పెట్టి నాకూ చూపించారు. ఆ ముందు వేరులో తెల్లచుక్క మధ్యలో లేదు, చెంప వైపుకి ఒదిగుంది. అంగిలి వైపు సగంలో ఆవగింజలో సగం అంత నల్లచుక్క. వేరు చివర నల్లటి నీడ, దానిపైన సైనస్ పొర కూడా కాస్త వాచి ఉంది. ఆ నీడ మామూలు ఎక్స్‌రేలో చెంప ఎముక కింద దాక్కుందంట.

క్యాప్ తీశారు. మొదటి రోజు గంటా పది నిమిషాలు కూర్చోబెట్టారు, నోరు దొరకలేదు. దాని నోరన్నమాట. స్కాన్‌లో చోటు తెలిసినా చెయ్యి పోవాలి కదండీ అన్నారు ఆయన. లోపల మందు పెట్టి తాత్కాలికంగా సిమెంటు వేసి పంపారు. రెండో వారం మైక్రోస్కోప్ ఉన్న తన స్నేహితుణ్ణి పిలిపించుకున్నారు, ఇరవై నిమిషాల్లో దొరికింది. కిందికి పోయాక మొదటి కెనాల్‌లోనే కలిసిందంట. పాతవి మూడూ కూడా శుభ్రం చేసి మళ్ళీ నింపారు.

పొక్కు పోయి నలభై రోజులైంది. ఎముక పూడిందీ లేనిదీ ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి మామూలు ఎక్స్‌రే తీద్దాం, అప్పటిదాకా మళ్ళీ స్కాన్ అక్కర్లేదన్నారు. కొత్త క్యాప్ కొలతలు వచ్చే శనివారం.