మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఏది? తలా ఒక పేరు చెబుతున్నారు

శ్రోత77: ఈమధ్య యాభైల నాటి అమెరికా పాటలు వింటున్నాను. ఒకచోట 1951లో వచ్చిన ‘రాకెట్ 88’ మొదటిదని రాశారు, ఇంకోచోట బిల్ హేలీ ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ అన్నారు, ఎల్విస్ అభిమానులు ఇంకెవరి మాటా వినరు. ఎవర్ని నమ్మాలి? వరసగా వినాలంటే దేనితో మొదలుపెట్టాలి?

గిటార్‌పిచ్చి: రాకెట్ 88తోనే మొదలుపెట్టండి. లేబుల్ మీద జాకీ బ్రెన్‌స్టన్ పేరుంటుంది గానీ అది ఐక్ టర్నర్ బ్యాండు, బ్రెన్‌స్టన్ అందులో సాక్సఫోన్ వాయించేవాడు, ఈ పాట పాడాడు. మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకి వస్తుంటే దారిలో గిటార్ ఆంప్లిఫయర్ దెబ్బతింది. బాగు చేయించే టైం లేక ఫిలిప్స్ స్పీకర్‌లో కాగితాలు కుక్కి అలాగే రికార్డు చేసేశాడు! పాట అడుగున బరబరమంటూ నడిచే గిటార్ అదే. ఇప్పుడు మనం డబ్బులు పోసి పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టె) కొనుక్కునేది ఆ గోల కోసమే.

పాతప్లేట్లు: కథ బాగుంది గానీ మొదటిదంటే ఒప్పుకోను. 1949 డిసెంబర్‌లోనే న్యూ ఓర్లీన్స్‌లో ఫ్యాట్స్ డోమినో ‘ద ఫ్యాట్ మ్యాన్’ రికార్డు చేశాడు, ఆ పియానో విని ఇది రాక్ అండ్ రోల్ కాదని చెప్పండి చూద్దాం. ఇంకా వెనక్కి వెళ్తే సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్లజాతి గాయని, 1944లో చర్చి పాటకి ఎలక్ట్రిక్ గిటార్ వాయించింది. నల్లవాళ్ళు ఏళ్ళ తరబడి వాయిస్తున్నదాన్ని తెల్లవాళ్ళ పిల్లలు కొనడం మొదలుపెట్టాక, అప్పుడే పుట్టినట్టు తేదీ వేశారు. నా గొడవంతా అదే.

హేలీ రికార్డయితే 1954 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో చేశారు, ప్లేటుకి రెండో వైపున వేశారు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ సినిమా టైటిల్స్‌లో వాడాక బిల్‌బోర్డ్ పత్రిక హిట్ పాటల పట్టికలో 8 వారాలు నంబర్ వన్. అందులో ఆ మెరుపు గిటార్ సోలో వాయించిన డానీ సెడ్రోన్‌కి సెషన్ కూలి 21 డాలర్లు. రికార్డయిన రెండు నెలలకే మెట్ల మీంచి పడి చనిపోయాడు, పాట హిట్టవడం చూడలేదు పాపం.

గిటార్‌పిచ్చి: తెల్లవాళ్ళ సంగతి నిజమే అన్నా, కాదనను. కానీ ఫిలిప్స్‌ని మాత్రం తక్కువ చేయకు. 1954 జులైలో ఆయన స్టూడియోలోనే ఎల్విస్ ‘దట్స్ ఆల్ రైట్’ పాడినప్పుడు డ్రమ్స్ లేవు, రెండు గిటార్లు, ఒక బేస్, అంతే. ఆర్థర్ క్రూడప్ 1946లో చేసిన పాట అది. ఆ స్టూడియో మార్క్ ఎకో ఎలా వచ్చేదంటే, శబ్దాన్ని రెండో టేపు మెషీన్ గుండా పంపేవాడు, టేపు మీద శబ్దం ఎక్కించే రికార్డ్ హెడ్ దగ్గర్నుంచి దాన్ని వినిపించే ప్లే హెడ్ దాకా టేపు జరిగేంతసేపు పట్టే ఆలస్యాన్ని మళ్ళీ పాటలో కలిపేవాడు.

శ్రోత77: అయితే థార్ప్, డోమినో, రాకెట్ 88, ఆ తర్వాతే ఎల్విస్. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ ఎక్కడ?

పాతప్లేట్లు: ఇద్దరూ 1955. బెర్రీ ‘మేబెలీన్’ రికార్డయింది మే నెలలో, రిచర్డ్ ‘టుట్టి ఫ్రుటి’ సెప్టెంబర్‌లో. ఒక్క జాగ్రత్త: రిచర్డ్ తన హిట్లని 1964లో, బెర్రీ 1966-67 ప్రాంతంలో వేరే కంపెనీలకి మళ్ళీ పాడారు. యాప్‌లలో అవి కూడా అదే పేరుతో ఉంటాయి, పైకి తేడా తెలీదు, వింటే మాత్రం చప్పగా ఉంటాయి. అసలువి కావాలంటే బెర్రీవి చెస్ కంపెనీ లేబుల్, రిచర్డ్‌వి స్పెషాల్టీ కంపెనీ లేబుల్ చూసి పెట్టుకోండి.