పోలీసుల నుంచి పారిపోయే జంటల పాత సినిమాలు ఇంకేమున్నాయి?

1967లో వచ్చిన ‘బానీ అండ్ క్లైడ్’ చూశాక ఈ తరహా పాత క్రైమ్ సినిమాల మీద పిచ్చి పట్టింది, వరసగా 1950 నాటి ‘గన్ క్రేజీ’, మాలిక్ తీసిన ‘బ్యాడ్‌లాండ్స్’ కూడా చూసేశాను. గన్ క్రేజీలో ఒక బ్యాంకు దోపిడీని మొత్తం కారు వెనక సీట్లోంచి ఒకే షాట్‌లో తీశారు, మనమూ వాళ్లతోపాటు ఇరుక్కుపోయినంత టెన్షన్. కానీ నన్ను వదలనిది మాత్రం బ్యాడ్‌లాండ్స్‌లో చీకట్లో, కారు హెడ్‌లైట్ల వెలుగులో ఆ ఇద్దరూ డాన్స్ చేసే సీను.

కాల్పుల కన్నా ఇలా ఇద్దరి మధ్య ప్రేమ, భయం మీద నడిచే సినిమాలు, 1980కి ముందువి, తెలిస్తే చెప్పండి. నికోలస్ రే ‘దే లివ్ బై నైట్’, ఆల్ట్‌మన్ ‘థీవ్స్ లైక్ అస్’ రెండూ ఒకే నవల ఆధారంగా వచ్చినవే కదా, ముందు ఏది చూడమంటారు?