ఈసెట్‌తో సెకండియర్ ఈసీఈలో చేరుతున్నా: మ్యాథ్స్ ఎలా, రూమ్ ఎక్కడ?

నిజామాబాద్ పాలిటెక్నిక్

అందరికీ నమస్తే. డిప్లొమా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అయిపోయింది. డిప్లొమా వాళ్ళని నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేర్చుకునే ఈసెట్‌లో కూకట్‌పల్లి జేఎన్‌టీయూ క్యాంపస్‌లో సీటు వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషమే, నాకే గుండెల్లో దడగా ఉంది. క్లాసులో మిగతావాళ్ళంతా ఇంటర్ ఎంపీసీ చదివి మంచి ర్యాంకులతో వచ్చి, ఇప్పటికే ఏడాది పాటు కలిసి చదువుకున్నవాళ్ళు. మేం చేరేసరికి ఎవరి గ్రూపులు వాళ్ళకి ఉంటాయి కదా. మా కాలేజీ సీనియర్ అక్క ఒకామె "లేటరల్ (ఇలా నేరుగా సెకండియర్‌లో చేరే) వాళ్ళకి మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిపోవడం) గ్యారంటీ" అని ఇంకా భయపెట్టింది.

క్యాంపస్ హాస్టల్ దొరక్కపోతే బయట ఎక్కడ ఉంటే మంచిది? నిజాంపేట లోపలికి పోతే చవక అంటున్నారు. ల్యాప్‌టాప్ దసరా తర్వాత కొనిస్తానంటున్నాడు నాన్న, అప్పటిదాకా నడుస్తుందా? అసలు మ్యాథ్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? అన్నలు, అక్కలు కొంచెం చెప్పండి.

గుజరాతీ గల్లీ

చెల్లే, ఆ అక్క మాట పక్కన పెట్టు. నేను 2017లో ఇట్లనే మహబూబ్‌నగర్ నుంచి డిప్లొమా సర్టిఫికెట్లు సంకల పెట్టుకొని వచ్చినోణ్ణి. మ్యాథ్స్ కష్టమే, అబద్ధం ఎందుకు చెప్పాలె. లాప్లాస్, ఫోరియర్ మనం డిప్లొమాలనే చదివినం, కానీ ఫార్ములా పట్టిక చూసి జవాబు దింపుడే. అది ఎందుకు వచ్చిందో, ఏ సర్క్యూట్‌ల పనికొస్తదో మనల్ని ఎవరూ అడగలే. ఇక్కడ సిగ్నల్స్ క్లాసుల కన్వల్యూషన్ ఇంటిగ్రల్ (రెండు సిగ్నళ్ళను కలిపే లెక్క) బోర్డు మీద పడంగనే పక్క బెంచీ వాళ్ళు టకటక రాస్తుంటరు. మనం లిమిట్స్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకనో చూసుకుంటా కూసుంటం.

అయితే నీ దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గర లేదు. అది ల్యాబ్‌ల తెలుస్తది. మా బ్యాచ్‌ల ఒక పిలగాడు ఉండె, పరీక్షలల్ల ఎప్పుడూ టాపే. ఒకనాడు యాంప్లిఫయర్ సర్క్యూట్ పెట్టిండు. కనెక్షన్లన్నీ కరెక్టే, డయాగ్రం ఉన్నది ఉన్నట్టే ఉంది, సీఆర్‌ఓ (సిగ్నల్‌ను గీతలెక్క చూపే మిషన్) మీద మాత్రం అడ్డగీత తప్ప ఏం లేదు. ట్రాన్సిస్టర్ పోయిందని రెండు మార్చిండు. ప్రోబ్ మార్చిండు. ల్యాబ్ టైమ్ అయిపోవస్తున్నది, మొహం ఎర్రగైంది. నేను పోయి చూస్తే పెద్ద బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బోర్డు), పైన సప్లై పట్టీ ఉంటది చూడు, ఎర్రగీత, అది నడుమ తెగి ఉంది. చాలా బోర్డులల్ల ఆ పట్టీ సగం దగ్గర ఆగిపోతది, లోపల రేకు రెండు ముక్కలు. ఈయన సప్లై ఎడమ సగానికి ఇచ్చి సర్క్యూట్ కుడి సగంల కట్టిండు. రెంటినీ కలుపుతూ ఒక వైరు ముక్క గుచ్చిన, సైన్ వేవ్ నిలబడ్డది. ఇది ఏ పుస్తకంల ఉండదు. మనకు పాలిటెక్నిక్‌ల ల్యాబ్ అటెండర్ తిట్టుకుంటా నేర్పిస్తడు.

ఆ సాయంత్రం క్యాంటీన్ కాడ వానితోని నేనే బేరం పెట్టిన: ల్యాబ్ నేను చూసుకుంట, నాకు సిగ్నల్స్ చెప్పు. కన్వల్యూషన్ చూపెట్టనీకి వాడు గ్రాఫ్ పేపర్ రెండు పట్టీలు కత్తిరించిండు. ఒకదాని మీద ఒక పల్స్, రెండోదాని మీద ఇంకోటి గీసిండు. రెండోదాన్ని తిరగేసి మొదటిదాని మీద మెల్లగ జరిపిండు. "ఎంత మేర ఒకదాని మీద ఒకటి వస్తే అంత వైశాల్యం, అదే నీ అవుట్‌పుట్" అన్నడు. రెండూ సమానమైన పల్సులైతే త్రికోణం వస్తదని నా చేతులతోనే జరిపి చూసుకున్న. లిమిట్స్ ఎట్ల పెట్టాల్నో ఆ కాగితాల అంచులే చూపెట్టినయ్. కాబట్టి ట్యూషన్ వెతుక్కోకు. మొదటి రెండు ల్యాబుల్లనే నీ చెయ్యి నలుగురికి కనబడేట్టు చెయ్యి. గ్రూపులల్ల చోటు అదే దొరుకుతది.

సామాన్ల సంగతి: కాలేజీ పక్క షాపుల కొంటే ఐసీ (చిప్) ఒక్కోటి అడ్డగోలు రేటు చెప్తరు. కోఠి గుజరాతీ గల్లీకి పో. రెసిస్టర్లు గుత్తగా ఇస్తరు, పాత మల్టీమీటర్లు కూడా దొరుకుతయ్. మా కాలంల జేఎన్‌టీయూ కాడ మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకనే, ఆడ దిగి బస్సు. 2018 సెప్టెంబర్‌ల ఎల్బీనగర్ దాకా పొడిగించినంక దర్జాగ ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ల దిగి నడుచుకుంట పోయేటోళ్ళం. ఆదివారం పోకు, సగం షట్టర్లు దించి ఉంటయ్.

రూమ్ విషయంల నిజాంపేట లోపలికి పోకు. నెలకు వెయ్యి మిగిలినా పొద్దుగాల ఆ ట్రాఫిక్‌ల ఆటోలకే పోతది. మార్కులకు భయపడకు, ఇంటర్నల్ 25 గట్టిగ తెచ్చుకుంటే ఎక్స్‌టర్నల్ 75ల గట్టెక్కుతవ్.

థర్డ్ ఇయర్ నడుస్తోంది

అన్న ల్యాబ్ గురించి చెప్పింది నూటికి నూరు నిజం. కానీ మార్కుల లెక్క పాత రెగ్యులేషన్‌ది. ఇప్పుడు ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్‌లో 35 తెచ్చుకున్నా ఎక్స్‌టర్నల్‌లో 20 వస్తే సప్లీ రాయాల్సిందే. మా ఫ్రెండ్ ఒకామె సరిగ్గా అక్కడే ఆగింది.

హాజరు 75 శాతం. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ (హాజరు లోటు మాఫీ) ఫీజు అంటూ తిరగాలి. 65 కూడా లేకపోతే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. లేట్‌గా చేరేవాళ్ళు చేరిన రోజు నుంచే లెక్క రాసుకోవడం మంచిది. పండక్కి ముందు రెండ్రోజులు, తర్వాత రెండ్రోజులు అని ఊళ్ళో ఉండిపోతే అదే కొంప ముంచుతుంది.

రూమ్ అయితే అడ్డగుట్ట చూడు చెల్లీ, కాలేజీకి ఎదురుగానే, లేడీస్ హాస్టళ్ళు చాలా ఉన్నాయి. మధ్యలో హైవే ఉంది, కింద నుంచి దాటొద్దు, మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగు. హాస్టల్‌ని పగలు చూసి డబ్బులు కట్టేయకు. రాత్రి తొమ్మిదింటికి వెళ్ళు. అందరూ రూముల్లో ఉన్నప్పుడు కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా, వైఫై నడుస్తోందా, ఆ రోజు కూర ఏంటో అప్పుడు తెలుస్తుంది. అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల ముందు చెప్పాలో కాగితం మీద రాయించుకో. నేను మొదట ఉన్న చోట వార్డెన్ ఆంటీ నోటితో చెప్పిన మాట మారేసరికి ఒక నెల అద్దె గోవిందా.

ల్యాప్‌టాప్ దసరా దాకా ఆగినా ఏం కాదు, ల్యాబ్‌లో సిస్టమ్‌లు ఉంటాయి. కొన్నాక సర్క్యూట్లకి ఎల్‌టీస్పైస్, లెక్కలకి ఆక్టేవ్ వేసుకో, రెండూ ఉచితమే. రామ్ మాత్రం ఎనిమిది జీబీకి తగ్గొద్దు.

వచ్చేటప్పుడు నిజామాబాద్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. సూపర్ లగ్జరీకి డబ్బులు కట్టాలి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో దిగి పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో బ్లూ లైన్, అమీర్‌పేటలో మియాపూర్ వైపు రెడ్ లైన్. పరుపు, బకెట్ మోసుకురాకు, అవన్నీ ఇక్కడే దొరుకుతాయి.

వెనక బెంచీ విజయవాడ

నేను ఇంటర్ బ్యాచ్ వాడినే అండి, అవతలి వైపు నుంచి ఒక మాట. గుజరాతీ గల్లీ అన్నగారి బేరం బాగుంది గానీ, అవతలి మనిషిని బట్టి ఉంటుంది. మా ల్యాబ్ బ్యాచ్‌లో డిప్లొమా అమ్మాయి ఉండేది. సర్క్యూట్ మొత్తం తనే కట్టేది, మేం ముగ్గురం రీడింగులు రాసుకునేవాళ్ళం. మినీ ప్రాజెక్టు వచ్చేసరికి సోల్డరింగ్ తనది, ప్రెజెంటేషన్ మాది. వైవాలో ప్రశ్నలన్నీ స్లైడ్లు చెప్పినవాడికే వెళ్ళాయి, మార్కులూ అటే పోయాయి. కాబట్టి చేతిపని చేస్తూనే, మాట్లాడే వంతు కూడా అడిగి మరీ తీసుకోండి. ఇంగ్లిష్ తడబడినా పర్లేదు, సర్క్యూట్ కట్టినవాళ్ళు చెబితే సార్లకి తెలిసిపోతుంది.

ఇంకోటి, అందరూ మ్యాథ్స్ అంటున్నారు గానీ నాకైతే సీ లాంగ్వేజే అసలు గండం అనిపిస్తుంది. మేం ఫస్టియర్‌లో చదివేశాం, మీకు ఆ ఏడాది లేదు. పాయింటర్లు, అర్రేలు ఈ సెలవుల్లోనే చూసి రండి, ఫోన్‌లో కంపైలర్ పెట్టుకున్నా చాలు. దీనికోసం అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇప్పుడే డబ్బు పోయకండి. అవి ఫైనలియర్‌లో చూసుకోవచ్చు.

నిజామాబాద్ పాలిటెక్నిక్

ముగ్గురికీ థ్యాంక్స్. అడ్డగుట్టలో రాత్రిపూట వెళ్ళి చూస్తాం, నాన్న కూడా వస్తున్నాడు. అన్నా, మీరు చెప్పిన గ్రాఫ్ పట్టీలు ఈరోజే చేసి చూశా, త్రికోణం వచ్చింది. ఒకటి పొడవు, ఒకటి పొట్టి పల్స్ పెడితే మాత్రం పైన చదునుగా వస్తోంది, కరెక్టేనా?

ఇంకోటి, ఇక్కడ షాపతను డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు తప్పకుండా కొనాలి అంటున్నాడు. కొనాలా?

గుజరాతీ గల్లీ

కరెక్టే. పొట్టిది పూర్తిగా పొడుగుదాని లోపల ఉన్నంతసేపు వైశాల్యం మారదు కదా, అందుకే చదును. డ్రాఫ్టర్ వద్దే వద్దు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఫస్టియర్ సబ్జెక్టు, నీకు లేదు. ఆ పైసలతో ఒక మంచి వైర్ స్ట్రిప్పర్ కొనుక్కో.