ఫిజీ వెళ్ళిన మా నాన్నమ్మ మేనమామ వారసుల ఆచూకీ దొరికే దారుందా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా నాన్నమ్మ మేనమామ కుర్రతనంలోనే కూలి ఒప్పందం మీద మద్రాసులో ఓడెక్కి ఫిజీ వెళ్ళిపోయాడట. మద్రాసు నుంచి అక్కడికి కూలీల ఓడలు నడిచింది 1903 నుంచి 1916 వరకే కాబట్టి ఆ మధ్యలోనే వెళ్ళి ఉండాలి. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయట, తర్వాత ఆగిపోయాయి.

ప్రతి కూలీకి ఎమిగ్రేషన్ పాస్ ఉండేది. తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీది గుర్తులు కూడా అందులో రాసేవారు. ఆ పాసులు ఫిజీ రాజధాని సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోట) ఉన్నాయి. ఇక్కడి నుంచి నకలు తెప్పించుకోవడం ఎలా? పాస్ నంబరు, ఓడ పేరు తెలియకపోయినా వెతుకుతారా? శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషులో చికాకోల్ అని రాసేవారు. ఆయన పేరును గుమాస్తా ఎలా రాసుకున్నాడో అన్నదే నా టెన్షన్.

ఫిజీ తెలుగువాళ్ళు, అక్కడి నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళను దయచేసి ఒక్కసారి అడగండి. ఆస్తి గొడవలేమీ లేవు. నాన్నమ్మకు తొంభై దాటాయి, మేనమామ పిల్లలతో మాట్లాడాలని ఆవిడ ఆశ. ఇంటిపేరు, ఊరి పేరు విడిగా మెసేజ్ చేస్తే చెబుతాను.